పది లెక్కపెట్టేంతసేపు

జూన్ 2, సోమవారం

నోటీసు బోర్డు ముందు నిలబడి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. ఐదోసారి అవసరం లేకపోయింది, అప్పటికే కంఠస్థమైపోయింది. యువజన మార్పిడి కార్యక్రమం. వేరే దేశంలో ఆరు నెలలు, అక్కడి కుటుంబంతో నివాసం, అక్కడి సంస్థలో పని. మా కళాశాల నుంచి ఒక్కరికే అవకాశం. గడువు ఈ నెల ఇరవై ఏడు, సాయంత్రం ఐదు గంటలు.

ఆ ఒక్కరు నేనే కావాలి. ఇందులో వినయం నటించవలసిన పనిలేదు, ఇది నా సొంత పుస్తకం.

ఒకే ఒక్క ముల్లుంది. స్థానికంగా నలభై గంటల స్వచ్ఛంద సేవ చేసి, ఆ సంస్థ బాధ్యుల చేత లేఖ రాయించుకురావాలట. ఫిబ్రవరిలో జరిగిన అంతర కళాశాలల చర్చాపోటీలో 'సేవ అనేది స్వార్థానికి పెట్టుకున్న మర్యాదైన పేరు' అన్న ప్రతిపాదనను సమర్థించి మొదటి బహుమతి గెలిచింది ఎవరు? ఆ వేదిక మీద నా పక్కన కూర్చున్న జోడీదారు, ముప్పై ఏళ్ళు ముందే పుట్టినట్టు మాట్లాడతాడని మేమంతా తాతగారూ అని పిలిచే అబ్బాయి, ఇవాళ ఆ కాగితం చూసి తాపీగా నవ్వాడు.

"ఇప్పుడు నీ మీద నువ్వే వాదించుకోవాలమ్మాయ్. గెలిచేది ఎటూ నువ్వే, ఓడేదీ నువ్వే."

"నువ్వు దరఖాస్తు పెడుతున్నావా?"

"నా గంటలు ఎప్పుడో అయిపోయాయి. అరవై."

ఇంటికి వచ్చి దరఖాస్తు పది నిమిషాల్లో నింపేశాను. సంతకాలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది ఆ లేఖ ఒక్కటే.

జూన్ 4, బుధవారం

కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండో అంతస్తు. ఆరు కుర్చీలు, గోడకు నిలువుటద్దం, బల్ల మీద బొమ్మల అట్టలు: గ్లాసు, చెప్పు, తలుపు, గడియారం. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళకు మాట నేర్పే కేంద్రం. నగరంలో ఇన్ని సంస్థలుండగా కళాశాల వాళ్ళు నన్ను ఇక్కడికే పంపడం యాదృచ్ఛికమా, ఎవరి వేళాకోళమా అన్నది తేల్చుకోవలసి ఉంది.

స్పీచ్ థెరపిస్టు మేడం నలభై అయిదేళ్ళ మనిషి. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దాని కోసమే బల్లంతా వెతుకుతుంది. నాకు చెప్పిన నియమం ఒక్కటే.

"ఏదైనా అడిగాక, మనసులో పది లెక్కపెట్టు. ఆ పది అయ్యేదాకా నోరు తెరవకు. మాట అందించకు. తెలిసినా అందించకు."

"తెలిసినా ఎందుకు అందించకూడదు మేడం? అది క్రూరత్వం కాదా?"

"తెలిసిందని నీకెలా తెలుసు?"

దీనికి నా దగ్గర మూడు సమాధానాలున్నాయి. మొదటిది మొదలుపెట్టేలోపు ఆమె లేచి వెళ్ళిపోయింది. చర్చా మర్యాద తెలియని మనిషి.

నాకు అప్పగించింది ఒక టైలరుగారిని. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది. అన్నీ అర్థమవుతాయి, చెప్పబోతే మాత్రం ఒక్క మాటే వస్తుంది. "కత్తెర." మంచినీళ్ళు కావాలన్నా కత్తెరే. కిటికీ మూయమన్నా కత్తెరే. తాను చెప్పాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు. మాట బయటికి రాగానే మొహం చిట్లించుకుంటాడు, తప్పు కుట్టు చూసుకున్నట్టు.

మరో స్వచ్ఛంద సేవకుడు కూడా ఉన్నాడు. ఇలాంటి కార్యక్రమంలోనే వేరే దేశం నుంచి వచ్చి రెండు నెలలైంది. అందరూ అతన్ని అతిథి అంటారు. మన భాషలో అతనికి వచ్చిన మాటలు నూరుంటాయేమో, అందులో సగం కూరగాయలు. అయినా టైలరుగారు అతని పక్కన కూర్చుంటే నవ్వుతున్నాడు.

సాయంత్రం అమ్మ అంది: "ఏమే, ఆ దరఖాస్తు..."

"తెలుసమ్మా. ఆరు నెలలంటే ఎక్కువే. కానీ ఆలోచించు..." అని మొదలుపెట్టి, అన్నం తినడం పూర్తయ్యేవరకు అన్ని కోణాల్లోనూ వివరించాను. అమ్మ ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నట్టే.

జూన్ 6, శుక్రవారం

పది అంకెలు ఇంత పొడుగని ఇన్నాళ్ళు ఎవరూ చెప్పలేదు.

జూన్ 9, సోమవారం

నాలుగు దాటి ఆగలేకపోతున్నాను. ఆయన పెదవి కదులుతుంది, నుదుటి మీద చెమట పడుతుంది, నాకు ఆ మాట స్పష్టంగా కనబడుతూ ఉంటుంది. అందించకుండా ఎలా ఉండను? అందిస్తే ఒక్కోసారి తల ఊపుతాడు. ఊపాడంటే నేను చెప్పింది సరైనదనే కదా. అలసిపోయి ఊపుతాడని మేడం సిద్ధాంతం. రుజువు లేని సిద్ధాంతం.

నాకు ఒక విషయం రూఢి అయింది. 'కత్తెర' అర్థంలేని శబ్దం కాదు. నలభై ఏళ్ళు ఆయన చేతిలో ఉన్న పనిముట్టు. మెదడులో మాటలన్నీ చెరిగిపోయినా మిగిలినది అదొక్కటే అంటే, అదే ఆయన అస్తిత్వం. ఆయనకు తన దుకాణం కావాలి. పని కావాలి. ఇవాళ అదే అడిగాను. "దుకాణం గుర్తొస్తోందా బాబాయ్?" ఆయన ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. ఎడమచేత్తో బల్ల పట్టుకుని "కత్తెర, కత్తెర" అన్నాడు. కళ్ళు చెమర్చాయి.

ఇంతకంటే ఏం రుజువు కావాలి?

జూన్ 11, బుధవారం

ఈ రోజును వివరంగా రాయాలి.

టైలరుగారి అమ్మాయి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, బస్సు డిపోలో టికెట్ల విభాగంలో పని. ఎప్పుడూ బస్సు వెళ్ళిపోతుందేమో అన్నట్టు సంచి భుజం నుంచి దించదు. దుకాణం ఎనిమిది నెలలుగా మూతబడి ఉందట. ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తానని భవనం వాళ్ళకు మాటిచ్చిందట. కుట్టుమిషన్లు తీసుకుపోవడానికి ఎవరో ఒప్పుకున్నారట. "నాన్నకి చెప్పి చేద్దామని వచ్చాను మేడం," అంది. చెప్పింది.

ఆయన "కత్తెర" అన్నాడు. బల్ల మీద చెయ్యి వేసి, తలుపు వైపు చూపించి, మళ్ళీ "కత్తెర".

"వద్దంటున్నావా నాన్నా? వద్దా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత నిలువుగా. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు నేను లేచాను. ఏం మాట్లాడానో అక్షరం అక్షరం గుర్తుంది. మనిషి నుంచి మాటను వ్యాధి లాక్కుందనీ, పనిని మనం లాక్కోబోతున్నామనీ అన్నాను. వృత్తి అనేది ఖాళీ చేయడానికి గది కాదు అన్నాను. "ఆయన అడుగుతున్నది ఒక్కటే అక్కా: నేను ఇంకా టైలరునే, నా దుకాణాన్ని నాకు ఉంచండి అని." గదిలో అందరూ నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. న్యాయనిర్ణేతలు కలం దించేసినప్పుడు వచ్చేది.

ఆమె సంచి పట్టీ సరిచేసుకుంది. "సరేనమ్మా. మిషన్లు ఇవ్వనని చెప్తాలే. మళ్ళీ చూద్దాం."

టైలరుగారు ఎడమచేత్తో బల్లను దబాదబా చరిచాడు. బొమ్మల అట్టలన్నీ కింద పడ్డాయి. గెలుపు పట్టలేకపోవడం అంటే అదే కాబోలు. అతిథి వంగి ఒక్కొక్క అట్టా ఏరాడు. మేడం నావైపు చూసింది.

జూన్ 12, గురువారం

నిన్న నేను చేసింది న్యాయమే.

జూన్ 13, శుక్రవారం

నిన్న రాసినది మళ్ళీ చదివాను. న్యాయమే.

జూన్ 16, సోమవారం

టైలరుగారు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. ఒంటిచేత్తో కుర్చీ తిప్పడానికి ఎంత కష్టపడాలో అంత కష్టపడి, నాకు వీపు పెట్టి, అతిథికి ఎదురుగా. బుధవారం నుంచి అన్నం సరిగ్గా తినడంలేదని వాళ్ళమ్మాయి ఫోన్ చేసిందట. దుకాణం దక్కిన మనిషి ఎందుకు తినడు?

లేఖ సంగతి కదిపాను.

"చూద్దాం," అంది మేడం.

"చూద్దాం అంటే? నేను ఒక్కరోజు కూడా మానలేదు. ఆయన తరఫున నిలబడ్డాను. ఇక్కడ ఇంకెవరూ నిలబడలేదు."

"నిలబడ్డావు. గెలిచావు కూడా. ఆయనది ఏ పక్షమో కనుక్కున్నావా?"

"స్పష్టంగా కనిపిస్తుంటే..."

"అమ్మాయ్, నువ్వు అడిగింది 'దుకాణం గుర్తొస్తోందా' అని. దానికి ఆయన అవునన్నాడు. మిగిలిన ప్రసంగమంతా ఎవరిది?"

కళ్ళజోడు నెత్తిమీదే ఉందని చెప్పకుండా వచ్చేశాను.

జూన్ 17, మంగళవారం

అమ్మ మళ్ళీ: "నీ దరఖాస్తులో మూడో పేజీ..."

మూడో పేజీ అంటే సంరక్షకుల అంగీకారం. నేను ఊహించినదే. పుస్తకం మూసి, ఆరు అంశాలుగా విభజించి చెప్పాను: భద్రత, చదువు, ఆరోగ్యం, తమ్ముడి పరీక్షలు, బంధువులు ఏమంటారన్నది, బంధువులు ఏమన్నా మనకెందుకన్నది. తమ్ముడు కంచంలోంచి తల ఎత్తకుండా, "అమ్మా, ఏడోది అడుగు, పాయింట్లు అయిపోయినట్టున్నాయి," అన్నాడు. అమ్మ నవ్వి చేతులు కడుక్కోవడానికి లేచింది.

అమ్మ పని ప్రభుత్వ కార్యాలయంలో కౌంటరు దగ్గర దరఖాస్తులు సరిచూడడం. రోజంతా పరాయివాళ్ళ కాగితాల్లో లోపాలు వెతికే మనిషి ఇంట్లో నా ప్రయాణంలో లోపాలు వెతుకుతోంది. వృత్తిదోషం.

జూన్ 19, గురువారం

అతిథీ నేనూ ఒకే బస్సు స్టాపులో దిక్కులు చూస్తూ నిలబడ్డాం. ఇరవై నిమిషాలు బస్సు రాలేదు. ఆగలేక అడిగేశాను, టైలరుగారు నీతోనే ఎందుకు నవ్వుతాడని.

అతను మాటలు ఒక్కొక్కటే వెతికి పేర్చాడు. "నాకు మాట తక్కువ. బాబాయ్‌కి ఒకటి. ఇద్దరం... పేదవాళ్ళం. నీకు చాలా ఉంది."

"అయితే?"

"నువ్వు ఇస్తావు, ఇస్తావు. బాబాయ్ చెయ్యి ఖాళీ లేదు."

తర్వాత సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. టైలరుగారు చేత్తో గాలిలో చూపించినవన్నీ అతను బొమ్మలుగా గీసిపెట్టుకున్నాడు. ప్రతి పేజీలోనూ ఒకటే: ఒక చతురస్రం, దాని మూలకు గుచ్చిన చిన్న చీటీ. ఒకదానిపై ఒకటి, ఒకదానిపై ఒకటి.

"ఇదేమిటి?"

"తెలీదు. నాకు మాట లేదు, అడగడానికి. నీకు ఉంది కదా. నువ్వు అడుగు."

దుకాణం బోర్డు అయి ఉంటుందని చెప్పాను. బస్సెక్కేటప్పుడు, "అడుగు," అన్నాడు మళ్ళీ.

జూన్ 20, శుక్రవారం

ఆయన కుర్చీకి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. మొహం తిప్పుకున్నాడు. అటువైపు వెళ్ళి కూర్చున్నాను.

"బాబాయ్, దుకాణంలో ఏముంది?"

ఒకటి. రెండు. మూడు.

ఆయన నన్ను పరీక్షిస్తున్నట్టు చూశాడు. పది అయింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. నాలుక మీద నాలుగు వాక్యాలు వరుసకట్టి నిలబడ్డాయి. ఒక్కొక్కదాన్నీ వెనక్కి నెట్టాను. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. ఆయన "కత్తెర" అన్నాడు, మొహం చిట్లించాడు. నేను ఊహించలేదు. నిజం రాయాలంటే ఊహించాను, కానీ పలకలేదు.

అప్పుడాయన బల్ల మీది గుడ్డను ఎడమచేత్తో లాగాడు. అట్టలు మళ్ళీ కింద పడ్డాయి. ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని, మోచేత్తో అదిమి, సగానికి మడిచాడు. మళ్ళీ సగానికి. నోటీసు బోర్డు వైపు వేలు చూపితే అతిథి గుండుసూది తెచ్చిచ్చాడు. టైలరుగారు బల్ల మీది కాగితం ముక్క ఒకటి అందుకుని ఆ మడతకు గుచ్చాడు. కాగితం మీద వేలితో రాసినట్టు గీశాడు. ఆ మడతను రెండుచేతులతో ఇచ్చినట్టు, రాని చేతిని కూడా వచ్చే చేత్తో ఎత్తి కలిపి, నా ఒడిలో పెట్టాడు. తలుపు వైపు చూపించాడు. వేళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి, ఎందరో అన్నట్టు.

నేను ఇంకా పది లెక్కపెడుతున్నాను.

"వా..." అన్నాడు. మెడ నరాలు బిగిశాయి. "వాళ్ళ... ది."

పదకొండు నిమిషాలు పట్టింది.

ఆయనకు దుకాణం అక్కర్లేదు. కుట్టమని జనం నమ్మి ఇచ్చిన గుడ్డలు అందులో ఉండిపోయాయి. అవి ఎవరివి వాళ్ళకు చేరాలి. ఎనిమిది నెలలుగా చెబుతున్నది ఇదే. ఖాళీ చేయవద్దని కాదు, అవి ఇవ్వకుండా ఖాళీ చేయవద్దని. నేనేమో ఆ తలుపుకు ఇంకో తాళం వేయించాను.

నా పదకొండో తేదీ పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. 'గెలుపు పట్టలేకపోవడం' అని రాసి ఉంది, నా దస్తూరీలోనే.

జూన్ 21, శనివారం

దుకాణం తాళంచెవి వాళ్ళమ్మాయి దగ్గరే ఉంది. షట్టరు తుప్పుపట్టి ఇద్దరం కలిసి ఎత్తినా సగమే లేచింది, వంగి దూరాం.

దారిలో సిద్ధం చేసుకున్న క్షమాపణలో మూడు భాగాలున్నాయి. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది. "అక్కా, ఆ రోజు నేను చెప్పింది బాబాయ్ మాట కాదు. నా మాట."

"తెలుసమ్మా," అంది ఆమె, దుమ్ము దులుపుతూ. "మా నాన్న నలభై ఏళ్ళలో అంత పొడుగు వాక్యం మాట్లాడలేదు."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"నాన్నతోనైతే పోట్లాడేదాన్ని. నీతో ఎవరు పోట్లాడతారు? నాకు బస్సుకి టైమైపోతోంది."

అరల్లో నలభై ఒక్క మడతలు. ప్రతిదానికీ మూలన చీటీ: పేరు, కొలతలు, ఇస్తానన్న తేదీ. తేదీలన్నీ ఎప్పుడో దాటిపోయినవి. అతిథి గీసిన బొమ్మలు, అచ్చంగా. ఆమె ఒక చీటీని చాలాసేపు చూసింది. "ఫోన్లు వచ్చేవి. నేనే ఎత్తేదాన్ని కాదు. ఏం చెప్పాలో తెలీక." తర్వాత భుజం మీది సంచి దించి గల్లా బల్ల మీద పెట్టింది. మొదటిసారి చూశాను ఆమె భుజాన్ని ఖాళీగా.

జూన్ 24, మంగళవారం

మూడు రోజులుగా ఆటోలో టైలరుగారు, ఆయన ఒడిలో గుడ్డలు, పక్కన అతిథి, ముందు నేను. చిరునామాలు కనుక్కోవడం నా పని. తలుపు కొట్టడం నా పని. ఆ తర్వాత నోరు మూసుకోవడం కూడా నా పనే, అదొక్కటే కష్టం. ముప్పై ఎనిమిది ఇచ్చాం. ఒకావిడ తలుపు సగం తెరిచి, "ఇప్పుడా తెచ్చేది? పిల్లవాడు రెండు సైజులు పెరిగాడు," అని విసురుగా లాక్కుంది. మరొకతనిది ఉద్యోగం ఇంటర్వ్యూకని ఇచ్చిన చొక్కాగుడ్డ. అరువు చొక్కాతో వెళ్ళాననీ, ఉద్యోగం వచ్చేసిందనీ చెప్పి, ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వాడు.

ఇవాళ ఆఖరి ఇంట్లో ఒక పెద్దాయన మడత విప్పి, "కుట్టలేదేం?" అన్నాడు, నావైపు చూస్తూ.

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. రోగం, కాలం, చెయ్యి, అన్నీ రెండు వాక్యాల్లో. పళ్ళు బిగించాను. ఒకటి. రెండు. పెద్దాయన చూపు నామీద నుంచి జారి టైలరుగారి మీదికి వెళ్ళింది. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చూపించాడు.

"లే... దు," అన్నాడు. "చెయ్యి... లేదు."

పెద్దాయన ఆటో దాకా వచ్చి ఆయన్ను ఎక్కించి వెళ్ళాడు. ఇంకా మూడు చీటీలు మిగిలాయి, ఇళ్ళు మారిపోయిన వాళ్ళవి.

జూన్ 25, బుధవారం

లేఖ వచ్చింది. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, నమ్మకం కుదరడం కోసం.

'ఈ అమ్మాయి మా దగ్గర నలభై మూడు గంటలు పనిచేసింది. అందులో సగం తానే మాట్లాడింది. ఒక తప్పు చేసింది. అది ఎవరి పట్ల జరిగిందో వాళ్ళ దగ్గరికే వెళ్ళి ఒప్పుకుంది. ఒకరోజు పదకొండు నిమిషాలు ఆగింది. ఈమెను భాష రాని చోటికి పంపితే ఈమెకూ అక్కడివాళ్ళకూ మంచిదని నా నమ్మకం.'

"మేడం, ఇది సిఫారసా, ఫిర్యాదా?"

"రెండూ."

"దీనితో నాకు ఎవరిస్తారు ఆ అవకాశం?"

ఆమె కళ్ళజోడు వెతుక్కోసాగింది. నెత్తిమీద ఉందని చెప్పాను.

జూన్ 26, గురువారం

మొదటివారంలోనే నా గురించి నేను రాసిపెట్టుకున్న లేఖ ఒకటి సొరుగులో ఉంది. మూడు పేజీలు. మేడం సంతకం పెడితే సరిపోతుందనుకున్నది. తీసి చదివాను. 'నిరుపమాన సహానుభూతి' అన్న మాట నాలుగుచోట్ల వచ్చింది. తాతగారి లేఖ చూశాను, అరవై గంటలు, అందరి ప్రశంసలు, తప్పులేమీ లేవు. అతనికే రావచ్చు.

మూడు పేజీలూ చింపేశాను. వాటిని చింపినా కాలు నిలవడం లేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు ఎన్ని అడుగులో లెక్క తేలింది: పదకొండు.

జూన్ 27, శుక్రవారం

పొద్దున కవరు అంటించబోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడింది, ఆఫీసు సంచితో.

"ఏమే, ఆ మూడో పేజీ..."

ఆరు అంశాలూ నోటి దాకా వచ్చేశాయి. మింగాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అమ్మ కంగారుగా చూసింది. "ఒంట్లో బాగోలేదా?"

తల అడ్డంగా ఊపాను. అయిదు. ఆరు.

"అదేనే, మూడో పేజీలో తల్లి సంతకం చోట నువ్వు పెట్టేశావు. నీ సంతకమే. మా కౌంటర్లో అయితే అలాంటిది అప్పుడే వెనక్కి కొట్టేస్తాం. నెల మొదట్లోనే చూశాను. చెప్దామంటే నువ్వు భద్రత అంటావు, ఆరోగ్యం అంటావు. కాగితం మీద రాసి పెడదామనుకున్నాను, దానికీ సగం చదివి జవాబు రాస్తావు. అందుకే మీ కాలేజీ గుమాస్తాని అడిగి ఇంకో పేజీ తెచ్చి, సంతకం పెట్టి, నీ నిఘంటువులో పెట్టాను. పద్దెనిమిది రోజులైంది. ఆ పుస్తకం తీస్తావనుకున్నాను."

నిఘంటువు తీశాను. పేజీ ఉంది. తేదీ జూన్ తొమ్మిది. అమ్మ సంతకం ఉండవలసిన చోట ఉంది. పాత కాగితం మీద, అదే చోట, నా పేరు కొమ్ములతో సహా విరాజిల్లుతోంది.

"అయితే నేను వెళ్ళడం నీకు..."

అని మొదలుపెట్టి, ఆపేశాను. అది ప్రశ్న. ప్రశ్న అయ్యాక ఆగాలి.

అమ్మ సంచి కుర్చీలో పెట్టింది. తానూ కూర్చుంది. "నాకు భయమే," అంది. ఆ తర్వాత ఆగకుండా చెప్పుకుంటూ పోయింది: కౌంటరు అద్దం అవతల ఇలాంటి ప్రయాణాల కాగితాలు పట్టుకుని నిలబడే పిల్లల మొహాలు, ఆ కాగితాలు సరిగ్గా ఉంటే వాళ్ళకంటే ముందు తనకెందుకు సంతోషమేస్తుందో, నేను లేకపోతే భోజనాల దగ్గర ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, ఆ నిశ్శబ్దంలో తమ్ముడు ఏమైనా మాట్లాడతాడేమోనన్న ఆశ. తన మొదటి బస్సు పోయింది. రెండోది కూడా పోయింది.

కవరు మూడున్నరకు ఇచ్చేశాను. మేడం లేఖ, అమ్మ పేజీ, నా దరఖాస్తు. ఫలితం రావడానికి పదిహేను రోజులు. అంతవరకు ఎలా ఉండాలో తెలియదు.

ఇందాక ఒక సంగతి గుర్తొచ్చింది. పొద్దున ఆరు దాకా లెక్కపెట్టాను. వింటూ ఏడు పెట్టడం మరిచిపోయాను.